వస్త అని పోయినవాడు

ఆ అమ్మాయి మా మేడ మీది గదిలోకి దిగింది ఒక శనివారం సాయంత్రం, వానలో. చేతిలో గొడుగు ఉంది గానీ దాని ఊచలు రెండు విరిగి ఉన్నాయి. పెట్టెలు తడవకుండా ఆ విరిగిన గొడుగును వాటి మీద పట్టి, తాను మాత్రం తడుస్తూ వచ్చింది. అది చూసి నాకు ఆమె మీద కొంత నమ్మకం కుదిరింది.

ఘనా దేశం నుంచి వచ్చింది. హైదరాబాద్‌లో ఒక యూనివర్సిటీలో నీటి యాజమాన్యం మీద పీజీ. మొదటి టర్మ్ అంతా కాలువల కింద సేద్యం చూడాలని మెదక్ పంపారు. ఘనపురం ఆనకట్ట కాలువ నీళ్ళు చివరి పొలాలకు ఎందుకు అందవో ఆమె తెలుసుకోవాలట. నేను పుట్టినప్పటి నుంచి వింటున్న ప్రశ్న అది. ఆమె మెథడిస్టు, మేమూ మెథడిస్టులమే. ఆ చుట్టరికం మీదే మా చర్చి వాళ్ళు ఆమెను నా దగ్గరికి పంపారు. నేను లెక్కల టీచరుగా పనిచేసి రిటైరైనదాన్ని. ఇంట్లో ఒక్కదాన్నే.

పెట్టెలు పైకి చేరగానే నేను ఆమె పాస్‌పోర్టు అడిగాను. దేశంలో దిగిన రోజు ముద్ర చూశాను. దిగిన పద్నాలుగు రోజుల్లో హైదరాబాద్‌లోని విదేశీయుల ఆఫీసులో పేరు నమోదు కావాలి. అందులో సగం రోజులు ఆమె హాస్టలు గది కోసం తిరుగుతూ పోగొట్టుకుంది. గోడ మీది క్యాలెండర్‌లో వచ్చే శుక్రవారం చుట్టూ ఎర్ర పెన్సిల్‌తో గీశాను.

"ఇది దాటితే ఏమవుతుంది?" అని అడిగాను. మేం ఇంగ్లీషులో మాట్లాడుకునేవాళ్ళం. ఆ మాటలు ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

"ఆలస్యానికి కారణం చెప్పాలట. కారణం నచ్చకపోతే సీటు నిలవదని యూనివర్సిటీ క్లర్కు చెప్పాడు. సీటు లేకపోతే వీసా లేదు."

రెండేళ్ళు ప్రయత్నిస్తే వచ్చిన సీటు. ఆమె ఆ మాట మామూలుగానే చెప్పింది గానీ, చెబుతూ పాస్‌పోర్టును నా చేతిలోంచి తీసుకుని తన బ్యాగు లోపలి జేబులో పెట్టి జిప్పు లాగింది. లాగాక మళ్ళీ ఒకసారి లాగి చూసింది.

ఆదివారం ఆరాధన అయ్యాక ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టించాను. చిరునామా నిజమేనని ఇక్కడి ఠాణా వాళ్ళు రాసి పంపాలి. అది ఒక్కటే మిగిలింది.

ఆ మధ్యాహ్నం ఎదురింటామె గిన్నెతో మక్క గట్క, అంటే మొక్కజొన్న రవ్వ సంకటి, తెచ్చింది. ఎదురింటామె నోరు మంచిది కాదు, చెయ్యి మంచిది. అమ్మాయి ఒక ముద్ద తిని ఆగిపోయింది. కారం ఎక్కువైందేమో అనుకున్నాం.

"మా ఇంట్లోనూ ఇదే," అంది. "మక్కలతోనే. మేం కొంచెం పులియబెడతాం."

ఎదురింటామెకు నేను తెలుగు చేసి చెప్పాను. "ఔనా? గింత దూరం విమానమెక్కి వచ్చి మల్ల గట్కనే తినబట్టె," అంది ఆమె. అయినా గిన్నె ఖాళీ అయ్యేదాకా పక్కనే కూచుని వడ్డించింది. లేస్తూ, "వస్త బిడ్డా," అని చెప్పులు వేసుకుని పోయింది.

ఆ సాయంత్రం అమ్మాయి తెలుగు నేర్పమంది. నేను పాఠంలాగే మొదలుపెట్టాను. ఒక క్రియ తీసుకుని, భవిష్యత్తులో నేను, నువ్వు, అతడు. వస్తాను, వస్తావు, వస్తాడు. వీధి అవతల తన పిట్టగోడ మీద బట్టలు ఆరేస్తున్న ఎదురింటామె ఊరుకోలేదు.

"టీచరమ్మా, ఆ పిల్లకు పుస్తకం భాష నేర్పకుండ్రి. బజార్ల ఎవ్వరికి సమజ్ కాదు. వస్త, వస్తవు, వస్తడు. గంతే."

అమ్మాయి అట్లాగే రాసుకుంది. పడుకోబోయే ముందు కూడా పైనుంచి వినిపించింది. వస్త, వస్తవు, వస్తడు.

ఇంకో సంగతి కూడా రాయాలి. ఆ సాయంత్రం మెట్ల మీద ఒక స్టీలు గ్లాసులో టీ, దాని మీద మూత. సోమవారం పొద్దున కూడా అట్లాగే ఉంది. చల్లారిన టీ తాగే అలవాటేమో అనుకున్నాను. ఎవరి అలవాటు వాళ్ళది. అడగలేదు.

సోమవారం పది గంటలకు నేనే ఠాణాకు వెళ్ళి ఇంటి యజమానిగా చెప్పవలసింది చెప్పి వచ్చాను. మధ్యాహ్నం కానిస్టేబుల్ వచ్చాడు. నడివయసు మనిషి, నెమ్మదస్తుడు. బూట్లు గేటు దగ్గరే విప్పి పైకి వెళ్ళి గది చూశాడు, కిటికీలోంచి బయటికి చూశాడు, దిగి వచ్చాడు. నేను వరండాలో బియ్యం చెరుగుతున్నాను. అమ్మాయి అతని ఎదురుగా నిలబడింది.

"ఫోటోలు ఉన్నయా బిడ్డా?"

"ఫోటో టుమారో," అంది ఆమె.

"రెండు ఫోటోలు, పాస్‌పోర్టుది, వీసాది జిరాక్సులు. తయారు జేసి పెట్టుకో. దేరి చెయ్యకు, లేటైతది." తర్వాత గేటు పక్కన వంగి బూట్ల తాళ్ళు కట్టుకుంటూ, "వస్త మరి," అని పోయాడు.

ఆమె నా వైపు తిరిగింది. ముఖం వెలిగిపోతోంది. "నాకు అర్థమైంది అవ్వా. మొత్తం అర్థమైంది."

అవ్వ అనే పిలుపు ఎదురింటామె నేర్పింది. నేను టీచర్ అనమన్నాను గానీ అది ఆమె నోటికి పట్టలేదు.

మంగళవారం నేను కంటి పరీక్షకు హైదరాబాద్ వెళ్ళాలి. ముందే అపాయింట్‌మెంట్ ఉంది. మా చెల్లెలి ఇంట్లో దిగాను. రోజూ సాయంత్రం ఫోన్ చేసేదాన్ని. ఫోటోలు దిగావా అంటే దిగాను అనేది. జిరాక్సులు అంటే అయ్యాయి అనేది. ఠాణా పని అంటే, "పోలీస్ వస్తడు అవ్వా," అనేది. వాళ్ళిద్దరూ ఏదో ఒక రోజు అనుకున్నారు కాబోలు అనుకున్నాను. కంట్లో మందు వేసి ఉంది, ఎక్కువసేపు మాట్లాడలేదు.

గురువారం సాయంత్రం మెదక్‌లో బస్సు దిగి, రాందాస్ చౌరస్తా నుంచి ఆటోలో ఇంటికి వచ్చేసరికి ఆమె మెట్ల మీద కూచుని ఉంది. ఒళ్ళో ప్లాస్టిక్ కవరు. పక్కన మూత పెట్టిన గ్లాసు.

"పోలీస్ రాలేదు," అంది.

"ఎప్పుడు వస్తానన్నాడు?"

"వస్త అన్నాడు. మీరూ విన్నారు కదా."

సంచి కింద పెట్టాను. నేను విన్నాను. నిజమే, అన్నాడు.

ఎదురింటామె అప్పటికే వీధి దాటి వచ్చింది. "ఏం జేసిండ్రు తల్లీ ఈ పిల్లను? మంగళారం సంది గా మెట్ల మీదనే కూసున్నది. పొలాలకు పోలే. దుకాణంకు పోలే. వాన కొడుతున్నా జరుగలే. ఎందుకే అంటే వస్త అన్నడు, వస్త అన్నడు అంటది. నేనేమొ పెండ్లి సంబంధం అనుకున్న."

"బిడ్డా, పోలీసు వస్త అన్నది మళ్ళీ వస్తానని కాదు," అన్నాను. "అది పోయేటప్పుడు అనే మాట."

ఆమె నన్ను అనుమానంగా చూసింది. "పోతూ వస్తాననడమేంటి?"

"పోతా అనం. పోయిందంటే చనిపోయిందని కూడా అర్థం. అందుకని వస్తా అంటాం."

"అంటే రాడా?"

"రావచ్చు. రాకపోవచ్చు. ఆ మాటకూ దానికీ సంబంధం లేదు."

ఆమె గ్లాసు మీది మూత సర్దింది. తర్వాత చెప్పింది. వాళ్ళ దేశంలోనూ ఎవరైనా లేచి వెళ్తూ వస్తున్నా అంటారట. కానీ అన్నవాడు నిజంగానే కాసేపట్లో తిరిగి వస్తాడట. కూచున్నవాళ్ళు అతని వాటా అతనికి ఉంచుతారట.

నేను గ్లాసు వైపు చూశాను. ఎదురింటామె కూడా చూసింది. రోజూ వస్త బిడ్డా అని పోయేది ఆమెనే. తన కోసం పెట్టిన టీలు ఆ పిల్ల ఎన్ని పారబోసిందో ఆమెకు అప్పుడు తెలిసింది. అంత నోరున్న మనిషి కొంగు సర్దుకుని తన గేటు వైపు నడిచింది.

క్యాలెండర్ మీద ఎర్ర గుండ్రం రేపటిది.

శుక్రవారం మేమిద్దరం తొమ్మిదికే ఠాణా గేటు దగ్గర నిలబడ్డాం. అమ్మాయి రాత్రి నిద్రపోలేదని కళ్ళే చెబుతున్నాయి. ఎస్సై పదిన్నరకు వచ్చాడు. కుర్రవాడు, మర్యాదస్తుడు. కుర్చీ వేయించాడు. మా కాగితం తీయించి చూసి నొసలు ముడిచాడు.

"టీచరమ్మా, ఇది ఇయ్యాల నేను సంతకం పెట్టినా పై ఆఫీసుల సంతకం కావాలె. ఆ సారు వినాయకుల బందోబస్తు మీద ఉన్నడు. సోమారం దాక కాదు. అంటే లేటే."

"లేటైతే?"

"ఎందుకు లేటైందో నేను రాయాలె. రాసింది చూసి హైదరాబాద్ వాళ్ళు చెప్తరు." అతను కానిస్టేబుల్‌ను పిలిపించాడు. కానిస్టేబుల్ రేగోడ్ దిక్కు బందోబస్తు డ్యూటీ చేసి అప్పుడే వచ్చాడు. యూనిఫాం నలిగి ఉంది. మమ్మల్ని చూసి నమస్కారం పెట్టాడు.

"సోమారమే పోయిన సార్. చూసిన. కాయితాలు తయారు జేసుకోమన్న. వాళ్ళే రాలే."

"స్టేషన్‌కు తెమ్మని చెప్పినవా?"

అతను ఆలోచించాడు. "అందరు తెచ్చిస్తరు గద సార్."

"ఆ పిల్లకేమెరుక అందరు ఏం జేస్తరో?" అన్నాడు ఎస్సై.

అమ్మాయికి ఎంత అర్థమైందో తెలియదు. లేచి నిలబడి, తను నేర్చుకున్న తెలుగులో, ఒక్కో మాటా విడిగా చెప్పింది. "సార్, ఈయన నేను వస్త అన్నడు. నేను మూడు రోజులు ఇంట్ల ఉన్న. ఈయన రాలే."

మూల బల్ల దగ్గర ఠాణా రిజిస్టర్లు రాసే రైటర్ చెయ్యి ఆగింది. ఎస్సై కానిస్టేబుల్ వైపు చూశాడు. "వస్త అన్నవా?"

"పోయేటప్పుడు అన్ననేమొ సార్. యాదికి లేదు."

ఎస్సై కలం మూత తీశాడు. మళ్ళీ వస్తానని చెప్పి రాకపోతే ఆలస్యం ఠాణాదే. అట్లా రాస్తే హైదరాబాద్‌లో అమ్మాయికి ఇబ్బంది ఉండదు. కానీ కానిస్టేబుల్‌కు మెమో వెళ్తుంది. అతనికి ఇదివరకే ఒకటి ఉందని రైటర్ మెల్లగా అన్నాడు. రెండోది పడితే తిప్పలే. చెప్పినా తేలేదు అని రాస్తే కానిస్టేబుల్ బయటపడతాడు. అప్పుడు కారణం చెప్పుకోవలసింది అమ్మాయి.

"టీచరమ్మా," అన్నాడు ఎస్సై. "మీరు అక్కడనే ఉన్నరు. మీరు ఒక మాట అటిటు చెయ్యరని నాకెరుక. వస్త అన్నడా, అనలేదా?"

నేను జీవితమంతా పిల్లల దగ్గర ఈ పద్ధతే నడిపాను. జవాబు అడిగితే జవాబు. కథ వద్దు. ఆ ప్రశ్నకు ఒకటే జవాబు ఉంది, అది నాకు తెలుసు. అది చెబితే అమ్మాయి ఇక్కడ ఉంటుంది.

"అన్నడు," అన్నాను.

అమ్మాయి ఊపిరి వదలడం వినిపించింది. కానిస్టేబుల్ గోడ మీది బోర్డు చూస్తున్నాడు. ఎస్సై రాయడం మొదలుపెట్టాడు.

"ఆగుండ్రి," అన్నాను. "ఎట్ల అన్నడో కూడ రాయండ్రి. బూట్ల తాళ్ళు కట్టుకుంట అన్నడు. గేటు దిక్కు మొకం పెట్టి."

ఎస్సై కలం పైకెత్తాడు. రైటర్ నవ్వు ఆపుకోవడానికి రిజిస్టర్ అడ్డం పెట్టుకున్నాడు. బూట్లు వేసుకుంటూ వస్త అంటే ఏమిటో ఆ గదిలో ఒక్క మనిషికి తప్ప అందరికీ తెలుసు.

"గిది ఇంగ్లీషుల ఎట్ల రాయాలె టీచరమ్మా? మీరే చెప్పుండ్రి."

నేను ప్రయత్నించాను. వస్తానని చెప్పాడు, అంటే వెళ్తున్నానని అర్థం, అని ఇంగ్లీషులో చెప్పాను.

"ఇట్ల రాస్తే పైన నన్ను పిచ్చోడంటరు," అన్నాడు ఎస్సై. నవ్వలేదు. గడియారం చూసుకున్నాడు. "ఒకటే తొవ్వ ఉన్నది. భాష సమజ్ కాక లేటైందని ఆమెనే రాసి సంతకం పెట్టాలె. నేను దాని కింద నిజమే అని రాస్త. ఒప్పుకుంటరా లేదా అన్నది వాళ్ళ ఇష్టం. నేను మాటియ్య."

అమ్మాయి నా వైపు తిరిగి ఇంగ్లీషులో అడిగింది. "సంతకం పెడితే ఏమవుతుంది?"

"తప్పు నీ మీదికి వస్తుంది."

"పెట్టకపోతే?"

"ఆయన మీదికి పోతుంది."

"ఆయన తన భాషలో సరిగ్గానే చెప్పాడా?"

"సరిగ్గానే చెప్పాడు."

"నేను విన్నది?"

"నువ్వూ సరిగ్గానే విన్నావు."

పెట్టమని గానీ వద్దని గానీ నేను చెప్పలేదు. చెప్పాలని నోటిదాకా వచ్చింది. సీటు నాది కాదు, మెమో కూడా నాది కాదు. ఆమె కానిస్టేబుల్ కాళ్ళ వైపు చూసింది. రేగోడ్ బురద ఇంకా బూట్లకు ఆరలేదు.

"ఇక్కడ ఉండాలని వచ్చింది నేను," అంది. "వాళ్ళ మాట నేర్చుకోవాల్సింది నేనే." కాగితం తన వైపు లాక్కుని రాసింది. సంతకం పెట్టాక కలం వెనక్కి ఇవ్వడం మర్చిపోయి చేతిలోనే పట్టుకుని బయటికి నడిచింది. నేను వెనక్కి వెళ్ళి ఇచ్చి వచ్చాను.

శని, ఆది, సోమ. ఆ మూడు రోజులు ఇద్దరం ఫోన్ చేతిలోనే పెట్టుకుని తిరిగాం. ఆమె పెట్టెలు తెరవలేదు. ఒకటి తెరిచి ఉంటే దాన్నీ మూసింది. ఆదివారం చర్చిలో నా పక్కనే కూచుంది. అందరూ లేచాక కూడా తల ఎత్తలేదు. ఎదురింటామె గట్క తెచ్చి ఇచ్చి, పోతూ ఏమనాలో తెలియక గేటు దగ్గర కొంచెంసేపు నిలబడి, ఏమీ అనకుండా పోయింది.

సోమవారం సాయంత్రం హైదరాబాద్ ఆఫీసు నుంచి మెసేజ్ వచ్చింది. మంగళవారం స్వయంగా రావాలి, కాగితాలన్నీ తేవాలి. ఎందుకో రాయలేదు.

నేను వెంట వస్తానన్నాను. వద్దంది. నాకు కంట్లో ఇంకా మందు పడుతోంది. మంగళవారం తెల్లవారాక మొదటి బస్సుకు బయలుదేరింది. రెండు పెట్టెలూ మూసి పైన ఉన్నాయి. గేటు తీసి, నా వైపు తిరిగి, "అవ్వా, వస్త," అంది.

ఆమె ఏ భాషలో అందో నాకు తెలియలేదు. మాదైతే అది వట్టి మాట. వాళ్ళదైతే తిరిగి రావాలి. ఆ రోజంతా ఇదే నన్ను తిన్నది. మధ్యాహ్నం నుంచి ఆమె ఫోన్ స్విచ్ ఆఫ్. అన్నం వండాను, తినలేదు. యూనివర్సిటీ క్లర్కు నంబరు నా దగ్గర ఉంది. చేతిలోకి తీసుకుని మళ్ళీ పెట్టేశాను. ఆఫీసు వాళ్ళు సరే అనకపోతే ఏం చేయాలో ఒక్కొక్కటే మనసులో వేసుకుని చూశాను. ఏదీ ముందుకు నడవలేదు.

దీపాలు పెట్టే వేళకు గేటు చప్పుడైంది. అమ్మాయే, తడిసి ఉంది. కవరు మాత్రం కడుపు దగ్గర పొడిగా పట్టుకుని ఉంది.

"ఏమన్నరు?"

"చాలాసేపు కూచోబెట్టారు. ఎస్సై రాసింది చదివి, ఆ మాటేంటో చెప్పమన్నారు. చెప్పాను. అక్కడున్న మేడమ్‌ది వరంగల్ అట. మొదట నవ్వింది. తర్వాత ఇంకోసారి ఆలస్యం చేస్తే ఊరుకోనని తిట్టింది." కవరు తెరిచి చూపించింది. నమోదైనట్టు కాగితం, దాని మీద మా ఇంటి నంబరు, మెదక్.

నేను ప్రతి అక్షరం చదివాను. పేరులో తప్పు లేదు. పిన్‌కోడ్ సరిగ్గా ఉంది. అప్పుడు అన్నం పెట్టాను. తిన్నాక పైన పెట్టెలు తెరుస్తున్న చప్పుడు వినిపించింది.

ఆ వారంలోనే ఒక పొద్దున కానిస్టేబుల్ వచ్చాడు. ఠాణా కాపీ ఒకటి ఇవ్వాలట. ఇచ్చి సంతకం తీసుకున్నాడు. అమ్మాయి టీ ఇస్తే నిలబడే తాగాడు. ఎదురింటామె గేటు దగ్గరే ఉంది, ఏమంటాడో వినాలని.

అతను వంగి బూట్లు వేసుకున్నాడు. లేచి అమ్మాయి వైపు తిరిగి, క్లాసులో పాఠం అప్పజెప్పినట్టు, "బిడ్డా, పోతున్న. మల్ల రాను," అన్నాడు.

ఎదురింటామె నెత్తి కొట్టుకుంది. "పొద్దుగాల్ల పొద్దుగాల్ల గవేం మాటలయ్యా. ఇంట్ల పెళ్ళాం పిల్లలు లేరా నీకు?"

"ఏం జెయ్యాలె మరి? వస్త అంటె మల్ల మూడు దినాలు మెట్ల మీద కూసుంటది."

అమ్మాయి రెండడుగులు ముందుకు వచ్చింది. "అన్నా, పోత అనొద్దు," అంది. "వస్త అనాలె."

అతను ఆమెను చూశాడు, నన్ను చూశాడు. "సరే. వస్త బిడ్డా," అని గేటు వేసి పోయాడు.

ఆమె అతను మలుపు తిరిగేదాకా చూసింది. తర్వాత ఖాళీ గ్లాసు తీసుకుని కుళాయి దగ్గరికి వెళ్ళి, కడిగి, అరుగు మీద బోర్లించి, పొలాలకు వెళ్ళే బ్యాగు భుజాన వేసుకుంది.